ఎదురుగా ట్రాక్టరు వస్తే వెనక్కి వెళ్లగలవా?

(లైసెన్సు టెస్టుకు వెళ్లబోయే విద్యార్థుల కోసం కోనసీమలోని ఒక డిగ్రీ కాలేజీలో ఓ డ్రైవింగ్ స్కూలు మాస్టారు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

నమస్కారమండీ. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? ఆయ్, సరే. ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి రోడ్డు భద్రత గురించి ఓ గంట మాట్లాడమన్నారు. రోడ్డు భద్రత అనగానే మీరు నిద్రపోతారని నాకు తెలుసు కాబట్టి టెస్టు గురించి మాట్లాడతాను. ఎల్‌ఎల్‌ఆర్, అదే నేర్చుకునేవాళ్లకి ముందుగా ఇచ్చే లైసెన్సు, తీసుకున్నవాళ్లు చేతులెత్తండి చూద్దాం. ఓహో, చాలామందే ఉన్నారే. ఏ లైసెన్సూ లేకుండా ఇవాళ బండేసుకుని కాలేజీకి వచ్చినవాళ్లని చేతులెత్తమనను లెండి. (నవ్వులు)

టెస్టులో మనవాళ్లని ఏడిపించేవి రెండు. ఒకటి రివర్సు. రెండోది ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదలడం. నా దగ్గరికి నేర్చుకోడానికి వచ్చే వాళ్లలో నూటికి తొంభై మంది అడిగేది ఇదే: "మాస్టారూ, మనకి కొండలా గుట్టలా, ఎటు చూసినా చేలేగా, ఈ ఎత్తు గొడవ మనకెందుకండీ, రివర్సు ఎప్పుడో ఇంటి ముందు పెట్టుకునేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి ఊపుతారు కదా." నేనేమంటానంటే, హైదరాబాదులో నడిపేవాడికి ఈ రెండూ రాకపోయినా ఎలాగోలా గడిచిపోతుందేమో గానీ గోదావరి కాలవల మధ్య నడిపేవాడికి గడవదు. ఇది టెస్టు పెట్టే ఇన్‌స్పెక్టర్ గారు సరదాకి పెట్టింది కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ నిబంధన ఉంది, టెస్టుకొచ్చిన మనిషి ఏమేం చేసి చూపించాలో అందులో పెద్ద జాబితా ఉంటుంది. ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా మళ్లీ కదలడం అందులో ఉంది, ఇరుకు చోట కుడికో ఎడమకో అదుపులో రివర్సు తీయడం ఉంది, సిగ్నల్ ఇచ్చే ముందు అద్దం చూసుకోవడం ఉంది, ఆఖరికి రోడ్డు మీద మర్యాదగా నడుచుకోవడం కూడా ఉంది. చదివితే మన ఊరి రోడ్లు చూసి రాశారా అనిపిస్తుంది నాకు.

ముందు బైకు వాళ్ల సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే మీలో ఎక్కువమంది వాళ్లే. ట్రాక్ మీద ఎయిట్ వేయాలి, అంటే ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పాలి, కాలు కింద పెట్టకూడదు. మనవాళ్లకి ఎనభైలో పోవడం వచ్చు, ఎనిమిదిలో పోవడం రాదు. (నవ్వులు) సంక్రాంతికి ఊళ్లలో స్లో సైకిల్ పందెం పెడతారు కదా, చివర వచ్చినవాడికి ప్రైజు, ఎయిట్ అచ్చంగా అదే పందెం. బుల్లెట్ల మీద దడదడలాడించుకుంటూ వచ్చిన కుర్రాళ్లు మొదటి వంపులోనే కాలు దింపేయడం నేను బోలెడన్నిసార్లు చూశాను. అదే ట్రాక్ మీద, ఎక్సెల్ బండి మీద కొబ్బరికాయలేసుకుని పుంత రోడ్ల వెంట తిరిగే ఓ పెద్దాయన, ఇన్నేళ్లకి పోలీసులు గట్టిగా అడుగుతున్నారని లైసెన్సుకి వచ్చి, లుంగీ ఎగ్గట్టుకుని, ఎయిట్ ఎంత సుతారంగా వేశాడంటే పక్కన నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. కిటుకేమీ లేదు. ముందు చక్రం కేసి చూడకండి, వెళ్లబోయే వంపు కేసి చూడండి. ముందు బ్రేకు ముట్టుకోకండి, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే బండి పక్కకి ఒరిగిపోతుంది. వెనక బ్రేకు పిసరంత ఆనించి ఉంచండి, అంతే. హెల్మెట్ మర్చిపోతే మటుకు ట్రాక్ దాకా కూడా రానివ్వరు.

ఇప్పుడు కారు. మా స్కూలు కారులో నా కాళ్ల దగ్గర కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి. డ్రైవింగ్ స్కూలు బండికి అలా ఉండాలని నిబంధన. నేర్చుకునేటప్పుడు అది అండే గానీ దానితో ఓ చిక్కుంది. బండి ఆగిపోకుండా కదిలిందంటే నువ్వు క్లచ్చు సరిగ్గా వదిలావా, నేను నొక్కి కాపాడానా అనేది నీకు తెలీదు. అందుకే నేను మొదటి వారం దాటాక పాదాలు రెండూ వెనక్కి లాక్కుని కూర్చుంటాను, చూసుకో అని చెప్పి మరీ. నిబంధనల ప్రకారం కారు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అందులో బండి నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. ఆ 10 గంటలూ నేషనల్ హైవే మీద నాలుగో గేరులో షికారు కొట్టి, "మాస్టారూ, నాకు వచ్చేసింది" అంటే ఎలాగమ్మా.

హెచ్ గురించి, అంటే కారు టెస్టుకి పోల్స్ పాతి ఇంగ్లీషు హెచ్ అక్షరంలా వేసిన ట్రాక్ గురించి. ముందుకెళ్లి, రివర్సులో ఒక వైపు దూరి, మళ్లీ బయటికొచ్చి రెండో వైపు. పోల్స్ తగలకూడదు. ఈమధ్య వీడియోలు చూసి లెక్కలు బట్టీ పట్టి వస్తున్నారు, మూడో పోలు వెనకద్దం మూలకి రాగానే ఒకటిన్నర రౌండు కుడికి కొట్టు, నాలుగోది కనపడగానే సగం విప్పు, ఇలాగ. ఆ వీడియో చేసినాయన కారు వేరు, సీటు ఎత్తు వేరు, ఆయన ట్రాక్ వేరు. మీ బండి వేరు. ఆ లెక్క ఇక్కడ కుదరదు, కుదరనప్పుడు ఇక చేతులు ఆడవు. దానికంటే ఒక్క సంగతి ఒంటపట్టించుకోండి: రివర్సులో స్టీరింగు కుడికి కొడితే బండి తోక కుడికి పోతుంది, మూతి ఎడమకి విసురుకుంటుంది. ఫెయిలైనవాళ్లలో ఎక్కువమంది తోక కేసే చూస్తూ మూతి వల్ల ఫెయిలయ్యారు. ట్రాక్ మీద మూతికి తగిలేది ప్లాస్టిక్ పోలు. కాలవ గట్టు మీద అక్కడ పోలుండదు, నీళ్లుంటాయి.

అసలు విషయానికొస్తున్నాను. మన గట్టు రోడ్లు మీకు తెలియనివి కావు. ఓ పక్క కాలవ, ఇంకో పక్క చేలకి నీళ్లు పారే బోదె, మధ్యలో ఒక్క బండి పట్టే తారు. మార్జిన్‌లోకి దిగుదామంటే వానాకాలంలో మన మట్టి సంగతి తెలిసిందే, చక్రం దిగిందంటే కూరుకుపోతుంది. నువ్వు కారులో వెళ్తున్నావు, ఎదురుగా ధాన్యం బస్తాల లోడుతో ట్రాక్టరు వచ్చింది. ఎవరు వెనక్కి వెళ్లాలి? (సభలోంచి: "ట్రాక్టరే!") ఎందుకురా అబ్బాయ్? నీది కారు కాబట్టా? (నవ్వులు) ట్రాక్టరు వెనకున్న ట్రక్కు, అదే ట్రైలరు, కొక్కెం మీద తిరుగుతుంది, రివర్సులో ట్రక్కుని కుడికి పంపాలంటే ట్రాక్టరు స్టీరింగు ముందు ఎడమకి తిప్పాలి, కొంచెం ఎక్కువైతే రెండూ మధ్యలో మడత పడతాయి. లోడుతో, గట్టు మీద, పది గజాలు కూడా తిన్నగా వెనక్కి తీయడం పాతకాపులకే కష్టం. కాబట్టి వెళ్లాల్సింది నువ్వు. కొండ రోడ్ల మీద ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని చట్టంలో రాసి ఉంది. మన గట్ల మీద రాసిన రూలు లేకపోయినా పద్ధతొకటి ఉంది: ఖాళీ బండి లోడు బండికి దారిస్తుంది, వెనకాల తూము దగ్గరో రేవు దగ్గరో కళ్లం దారి దగ్గరో ఎవరికి వెడల్పు చోటు దగ్గర్లో ఉంటే వాళ్లు తగ్గుతారు. ఇది రానివాళ్లు ఏం చేస్తారో కూడా మీకు తెలుసు, హారన్ కొడుతూ కూర్చుంటారు. వెనక నాలుగు బళ్లు చేరతాయి, ఆటోలో పిల్లలు ఏడుస్తుంటారు, ఆఖరికి ఎవడో దిగొచ్చి "తాళాలివ్వండి, నేను తీస్తాను" అంటాడు. ఆ తాళాలిచ్చే క్షణం ఉంది చూశారూ, టెస్టు ఫెయిలవడం కంటే నామోషీ అది.

గట్టు మీద రివర్సుకి మా స్కూల్లో నేర్పే పద్ధతి చెప్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. బండి పూర్తిగా ఆపాకే రివర్సు గేరు. కాలవ ఏ పక్కనుందో ఆ పక్క సైడు మిర్రరు కిందికి వంచుకోండి, వెనక చక్రమూ తారు అంచూ రెండూ ఒకేసారి కనపడాలి. తారు అంచుకీ చక్రానికీ మధ్య ఎంత చోటుందో అదొక్కటే చూసుకుంటూ రండి, ఆ చోటు తగ్గుతుంటే స్టీరింగు బెత్తెడు మాత్రం కదపండి, రౌండ్లు కొట్టకండి. యాక్సిలరేటరు అక్కర్లేదు, క్లచ్చు మీదే బండి పాకుతుంది. అయిదు గజాలకోసారి ఆగినా ఎవరూ నవ్వరు. రివర్సు కెమెరా ఉందిగా అంటారు కొందరు. ఉంది, తోక చూపిస్తుంది. మూతిని ఎవరు చూపిస్తారు?

హైస్కూల్లో లెక్కలు చెప్పే మేడమ్ ఒకావిడ, రిటైర్మెంట్ దగ్గరపడ్డాక నా దగ్గర నేర్చుకున్నారు. మొదటిసారి టెస్టులో హెచ్ నుంచి వెనక్కొస్తూ పోలు తగిలించారు. ఏడవలేదు, ఇన్‌స్పెక్టర్ గారిని బతిమాలలేదు, దిగొచ్చి "సార్, ఏ చక్రం ఎక్కడున్నప్పుడు తగిలిందో కొంచెం చూపిస్తారా" అని అడిగారు. ఆయన కూడా ముచ్చటపడి ట్రాక్ మీదికి తీసుకెళ్లి చూపించారు. ఫెయిలైతే మళ్లీ రావడానికి ఏడు రోజులు ఆగాలి. ఆ వారమంతా ఆవిడ తెల్లారగట్ట గట్టు మీదే రివర్సు చేశారు, రెండోసారి పాసయ్యారు. కథ అది కాదు. తర్వాత ఓ రోజు గట్టు మీద ఆవిడకి ట్రాక్టరు ఎదురైంది, నడిపేవాడు ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. వాడు ఒక్క గెంతులో దిగి పరిగెత్తుకొచ్చి, "టీచరుగారూ, మీరు దిగండి, నేను తీసిపెడతాను" అన్నాడట. ఆవిడ అద్దం దించి, "నువ్వు అక్కడే నిలబడరా, చక్రం అంచు దాటితే కేకెయ్" అన్నారట. వాడికి కేకేసే పని పడలేదని వాడే నాకు చెప్పాడు.

ట్రాక్టరు కుర్రాళ్ల గురించి కూడా చెప్పాలి, ఇక్కడ కొంతమంది ఉన్నారు, మొహాలు చూస్తేనే తెలుస్తోంది. చిన్నప్పట్నుంచీ చేలో దమ్ము చేసినవాళ్లు కారు టెస్టంటే లెక్కచెయ్యరు. అద్దాల్లేని బండి మీద నేర్చుకున్నారు కాబట్టి మెడ మొత్తం వెనక్కి తిప్పి నడుపుతారు. చెయ్యి తిరిగినవాళ్లే, కాదనను. కానీ టెస్టులో ఇన్‌స్పెక్టర్ గారు చూసేది నీ కళ్లు అద్దం మీదికి వెళ్తున్నాయా లేదా అని. సిగ్నల్ వేసే ముందు ఓసారి అద్దం, తిరిగే ముందు ఓసారి. కొన్ని ఊళ్లలో సెన్సర్లూ కెమెరాలూ పెట్టిన ట్రాకులొచ్చాయి, వాటి ముందు మొహమాటాలు చెల్లవు.

ఇక ఎత్తు. మనది చదును నేల, నిజమే. మరి మన ఊళ్లో పాత కాలవ వంతెనలు ఎందుకంత ఎత్తుగా వీపు విరుచుకుని ఉంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశాక తవ్విన ఈ కాలవలు చేలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా. నీటి మట్టం తేడా ఉన్నచోట పడవలు దాటించే తలుపుల లాకులు అందుకే కట్టారు. కింద నుంచి పడవ పోవాలంటే వంతెన ఎత్తుగా ఉండాలి కదా. పడవలు పోయాయి, ఎత్తు మిగిలింది. ఆ వంతెన ఎక్కేటప్పుడు అవతలి నుంచి వచ్చే బండి నడినెత్తి దాకా కనపడదు. సగం ఎక్కాక ఎదురుగా బస్సు మొహం లేస్తుంది, నువ్వు ఆపాలి. ఆపావు. వెనక పాల క్యాన్ల బండి నీ బంపరుకి ఆనుకుని ఉంటుంది. ఇప్పుడు జారకుండా కదలాలి. ఇన్‌స్పెక్టర్ గారు ట్రాక్ మీద కట్టించిన దిబ్బ మీద అడిగేది ఇదే.

చేసే పద్ధతి వినండి. హ్యాండ్ బ్రేకు లాగే ఉంచండి. ఫస్టు గేరు. కుడి కాలు యాక్సిలరేటరు మీద కొద్దిగా. ఎడమ మడమ నేలకి ఆనించి క్లచ్చు మెల్లగా వదులుతూ రండి. ఒక చోట ఇంజను గొంతు బరువెక్కుతుంది, బానెట్టు పిసరంత పైకి లేస్తుంది, అరికాలికి సన్నటి వణుకు తెలుస్తుంది. అక్కడ కాలు ఆపేయండి. ఇప్పుడు హ్యాండ్ బ్రేకు దించండి. బండి ముందుకీ పోదు, వెనక్కీ రాదు, అక్కడే ఉంటుంది. అప్పుడు కొంచెం గ్యాసు, కొంచెం క్లచ్చు. మడమ ఎందుకు ఆనించమన్నానంటే, టెస్టు రోజున ఎడమ కాలు వణుకుతుంది, అందరికీ వణుకుతుంది, గాల్లో ఉన్న కాలు వణికితే క్లచ్చు కూడా వణుకుతుంది, కారు గుటుక్కు గుటుక్కుమంటూ ఆగిపోతుంది. ఆగిపోతే కంగారుగా తాళం తిప్పేయకండి, గేరులో ఉంటే గెంతుతుంది. ముందు బ్రేకు, తర్వాత క్లచ్చు, తర్వాతే తాళం. అన్నట్టు ఖాళీ కడుపుతో రాకండి. టెన్షన్‌లో తినబుద్ధి కాదంటారు, రెండు ఇడ్లీలైనా తిని రండి.

ట్రాక్ మీద కంటే పెద్ద పరీక్ష కావాలనుకునేవాళ్లు సఖినేటిపల్లి రేవుకి వెళ్లి పంటు, అంటే బళ్లనీ మనుషుల్నీ నది దాటించే పెద్ద పడవ, దాని మీదికి కారు ఎక్కించండి. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లొచ్చు గానీ నరసాపురం పనున్నవాళ్లు పంటే ఎక్కుతారు కదా. సముద్రం దగ్గర కాబట్టి పోటుని బట్టి నీటి మట్టం మారుతుంది, దాంతో రేవు దగ్గర దిగే వాలు కూడా మారుతుంది. ముందు స్కూటర్లు, చుట్టూ జనం, కింద చెక్కలు, పంటు మీదివాళ్లు నలుగురు నాలుగు దిక్కుల నుంచి "రా రా", "ఆగాగు", "ఎడం కొట్టు" అంటారు. ఒక్కడి చెయ్యే చూడాలి. నేను నా శిష్యులకి చెప్పేదేంటంటే, ఎక్కే ముందు ఓసారి దిగి, చెక్కలెలా ఉన్నాయో చూసి, చెయ్యి ఊపే మనిషెవరో మాట్లాడుకుని అప్పుడు ఎక్కండి. ఎక్కాక హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో వదిలి ఇంజను ఆపండి. కారులోనే కూర్చుని ఫోను చూసుకోకండి, దిగండి.

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలప్పుడు ఇంకో ముచ్చట. రోడ్డు సగం ధాన్యం ఆరబోత. రైతుని తిట్టి లాభం లేదు, వాళ్లకి కళ్లాలుంటే రోడ్డుకెందుకొస్తారు. వడ్ల మీద బ్రేకు వేస్తే బైకు నిలవదు, జారుతుంది. రాత్రిపూట రాశి చుట్టూ రాళ్లు పెడతారు, నల్ల బరకం కప్పుతారు, లైట్లో కనపడదు. మిగిలిన సగం రోడ్డులో ఎదురు బండొస్తే మళ్లీ రివర్సే. నేను ఎక్కడ మొదలెట్టినా అక్కడికే వస్తాను, ఏమీ అనుకోకండి. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పు తమ్ముడూ. ఏజెంటుకి డబ్బులిస్తే ట్రాక్ ఎక్కక్కర్లేదంటున్నారా? అలా అనేవాళ్లు ఉంటారు. ఫారం నింపడం రాకపోతే, స్లాట్ బుక్ చేయడం రాకపోతే ఎవరి సాయమైనా తీసుకో, తప్పులేదు. బండి ఎక్కకుండా కార్డు తెప్పిస్తానంటే మాత్రం వద్దని చెప్పు. ఆ కార్డు చూపిస్తే గట్టు మీద ట్రాక్టరు వెనక్కి పోదు. అయినా ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజులకి టెస్టుకి వెళ్లొచ్చు, ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది, అయిదు నెలల టైముంది చేతిలో, తొందరేంటి? మూడుసార్లు ఫెయిలైతే మాత్రం 60 రోజులు ఆగాలి, 2019 సవరణ తర్వాత మళ్లీ శిక్షణ కూడా తీసుకోవాలి.

ఆ వెనకాల అమ్మాయి. కారు కాలవలో పడితే ఏం చేయాలి? మంచి ప్రశ్నమ్మా, ఇది ఏ టెస్టులోనూ అడగరు. ఫోను తీయకండి. బెల్టు తీసేయండి, వెంటనే అద్దం దించండి, పవర్ విండో నీళ్లలో పడ్డాక కూడా కాసేపు పనిచేస్తుంది, ఆ కాసేపే మీది. తలుపుతో పెనుగులాడకండి, బయట నీటి ఒత్తిడికి తెరుచుకోదు. అద్దంలోంచే ముందు పిల్లల్ని బయటికి పంపి మీరు రండి. అద్దం దిగకపోతే పక్కద్దాన్ని మూలన కొట్టాలి, మధ్యలో కాదు. ముందద్దం జోలికి పోకండి, దాని రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది, ఊడిరాదు. గట్ల మీద తిరిగే కారులో అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ఒకటి చేతికందేలా పెట్టుకోండి, డిక్కీలో కాదు.

ఇంకొకరు. స్కూటీ లైసెన్సుంది, నాన్నగారి స్ప్లెండరు నడపొచ్చా అంటావా? నడపకూడదమ్మా. గేరు లేని బండికిచ్చిన లైసెన్సు గేరు బండికి చెల్లదు. అదే గేరు బండి మీద ఎయిట్ వేస్తే రెండూ నడపొచ్చు. కాబట్టి ఇంకా టెస్టుకెళ్లని ఆడపిల్లలు ఒక నెల కష్టపడి గేరు బండి మీదే నేర్చుకోండి, అప్లికేషన్‌లో కూడా గేరుతో అన్నదే టిక్ పెట్టండి. నువ్వు మాత్రం ముందు గేరు బండికి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకో, ఎల్ బోర్డు కట్టుకుని నేర్చుకో. టెస్టుకి ఆ స్ప్లెండరే తీసుకెళ్తావు కదా, ఇంటికెళ్లగానే దాని ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాల గడువు చూడు. వాటికి గడువు దాటిపోయి ట్రాక్ గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చేవాళ్లని రోజూ చూస్తుంటాను.